కనుబొమ్మకు కొత్తల పండగ

అరకు వెళ్లి వచ్చానని తెలిసినవాళ్లంతా గుహల గురించి అడుగుతున్నారు. గుహల్లోకి నేను దిగలేదు. రైలు ఎన్ని సొరంగాలు దాటిందో కూడా చెప్పలేను. నేను వెళ్లింది ఒక మనిషి ఎడమ కనుబొమ్మ చూడడానికి. చూసి వచ్చాను. దారిలో కనిపించినవీ, తిన్నవీ, విన్నవీ ఆ వైపు వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు కనుబొమ్మ సంగతి చెప్పాలి. మా అక్క విశాఖపట్నంలో ప్లాస్టిక్ సర్జన్. నేను కాలేజీ లైబ్రేరియన్ని. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అక్క ఎక్కువగా కాలిన గాయాలు చూసేది. గాయం మానాక కూడా మనుషులు ఆమె దగ్గరకు తిరిగి వచ్చేవాళ్లు, కనుబొమ్మ రాలేదని, పెదవి మీద మచ్చలో మీసం మొలవడం లేదని. చెవి వెనక నుంచి సన్నటి చర్మం ముక్క తీసి, భూతద్దం కింద ఒక్కొక్క వెంట్రుకనూ కుదురుతో సహా విడదీసి, మచ్చలో సూదితో సందు చేసి నాటేది. ఇప్పుడు బట్టతలల మీద కూడా నాటుతున్నారు. అక్కకు ఆ పని మీద ఆసక్తి లేదు. "తల మీద లేకపోతే టోపీ పెట్టుకుంటారు. కనుబొమ్మ మీద ఏం పెట్టుకుంటారు?" అనేది.

బుద్రి ఆమె చివరి పేషెంట్లలో ఒకరు. అరకు అవతల కొండ మీది ఊరు. తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుకోవడానికి వెళ్తే ఎలుగుబంటి ఎదురైంది. కన్ను దక్కింది, దాని మీది కనుబొమ్మ పోయింది. ఆ చోట రోజూ కాటుకతో గీత గీసుకునేది. పొలంలో చెమట పట్టగానే కాటుక కంట్లోకి కారేది. ఆ ఊరి మిషన్ బడిలో పనిచేసే మేష్టారు ఆమెను అక్క దగ్గరకు తీసుకొచ్చారు. ఆపరేషన్ అయ్యాక వారం రోజులు బుద్రి మా ఇంటి వెనక గదిలో ఉంది. నన్ను "పుస్తకాల బాబు" అనేది.

ఆమె ఊరు వెళ్లిన కొన్నాళ్లకు మేష్టారు ఫోన్ చేశారు. నాటినవన్నీ రాలిపోయాయి, బుద్రి ఏడుస్తోంది, ఊరివాళ్లు ఏదో ఆకుపసరు పూస్తామంటున్నారు. అక్క కంగారు పడింది. నాటిన వెంట్రుక మొదట రాలడం మామూలే. కుదురు లోపలే ఉంటుంది, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తుంది. కానీ మచ్చ మీద కాల్చే మందు ఏదైనా పూస్తే కుదుళ్లు చచ్చిపోతాయి. ఆ మాట చెప్పేలోపే లైను తెగింది. మళ్లీ ప్రయత్నిస్తే మేష్టారికి సాలూరు బదిలీ అయిందన్నారు. ఆ వానల్లోనే అక్క జబ్బుపడింది, తగ్గలేదు. మాట పూర్తిగా పోకముందు రెండుసార్లు అడిగింది, బుద్రి వచ్చిందా అని.

రాలేదు. చైత్రం వచ్చాక నేనే బయలుదేరాను.

రైల్లో

కిరండూల్ పాసింజరులో కుడివైపు కూర్చోవాలని అందరూ చెబుతారు. నేను ఎడమవైపు కూర్చున్నాను. శృంగవరపుకోట దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. లోయలు అవతలి కిటికీల్లో వెళ్లిపోతుంటే నాకు మాత్రం తడిసిన రాతిగోడ కనిపించింది. నాచు, సన్నటి నీటి ధారలు, అక్కడక్కడ తెల్లసున్నంతో రాసిన నంబర్లు. అదీ బాగానే ఉంది.

కోటలో ఎక్కిన దంపతులు నా ఎదుట కూర్చున్నారు. అరకులో కూతురి దగ్గరకు వెళ్తున్నారు. ఆయనది నున్నటి బట్టతల. కొండగాలి తగలగానే మఫ్లర్ చుట్టుకున్నాడు.

"ఒక్కరే ఎల్తన్నారేటి బాబూ? ఫేమిలీ రానేదా?"

ఒక పేషెంటును చూడడానికి వెళ్తున్నానని చెప్పాను. డాక్టరా అన్నాడు. కాదు, డాక్టరు తమ్ముణ్ని అన్నాను. ఏ డాక్టరు, ఏ జబ్బు, అన్నీ అడిగాడు. వెంట్రుకలు నాటడం అనేసరికి మఫ్లర్ విప్పి తల ముందుకు వంచాడు.

"మరి దీని మీద నాటితే మొలుత్తాదా?"

"వెనక కాస్త ఉంది కాబట్టి మొలవచ్చు" అన్నాను, అక్క చెప్పిన మాటలు గుర్తు చేసుకుని.

ఆయన భార్య అప్పటిదాకా కిటికీలోంచి చూస్తోంది. "పెళ్లయిన కాడినించి ఈ బుర్రనే సూత్తన్నాను. ఇప్పుడు జుట్టు నాటించుకుని ఎవులికి సూపిత్తావు?"

"నీకేనే."

"నాకొద్దు. లోపల ఏటైనా నాటుతారేమో అడుగు."

పక్క బెంచీల వాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ఏడాదిలో పరాయివాళ్ల మధ్య నవ్వడం అదే మొదలు అనిపించింది. ఆవిడ గుడ్డమూటలోంచి చోడిపిండి రొట్టె, అంటే రాగిరొట్టె, పచ్చిమిరపకాయ తీసి ఇచ్చింది. టీ కుర్రాడి దగ్గర రెండు రూపాయలకు టీ కొన్నాను. సరిగ్గా అప్పుడే సొరంగం వచ్చింది. చీకట్లో పిల్లలందరూ కేకలు పెట్టారు. ఎవరి చెయ్యో తగిలి సగం టీ నా చొక్కా మీద పడింది. వెలుతురు వచ్చాక చూస్తే ఆ చెయ్యి ఆయనదే. పెద్దమనిషి కూడా పిల్లలతో కలిసి కేక పెట్టాడు.

బొర్రా స్టేషన్లో పట్నం జనమంతా గుహల కోసం దిగిపోయారు. పెట్టె ఖాళీ అయింది. ఆవిడ అడిగింది: "మరి ఆ డాక్టరమ్మగారు ఎందుకు రానేదు బాబూ?"

"లేదమ్మా. పోయింది."

ఆవిడ మూట మళ్లీ విప్పి ఇంకో రొట్టె నా చేతిలో పెట్టింది. మా వైపు పరామర్శకు వచ్చినవాళ్లు చాలా మాట్లాడతారు. అవన్నీ మర్యాద మాటలే, తప్పు పట్టను. కానీ ఆ రొట్టె నాకు ఎక్కువ తేలికగా దిగింది.

అరకు సంతలో

ఆ పూట అరకులో ఆగాను. సంత రోజు. కొండల మీంచి దిగినవాళ్లు తెచ్చినవి నేల మీద కుప్పలు పోశారు: పసుపు, పిప్పళ్లు, అల్లం, సామలు, అడ్డాకుల కట్టలు, చీపుళ్లు. కొలతకు తక్కెడ తక్కువ, డబ్బాలు ఎక్కువ. కింద నుంచి వచ్చిన వర్తకులు ఉప్పు, ఎండుచేపలు, ప్లాస్టిక్ బిందెలు అమ్ముతున్నారు. మా రైతుబజారులో మనిషి మొహం కూడా చూడకుండా వంకాయలు ఏరుకుంటాం. ఇక్కడ ముందు ఇద్దరూ కూర్చుంటారు, ఎవరి ఇంట్లో ఎవరు బాగున్నారో మాట్లాడుకుంటారు, ఆ తర్వాత ధర.

ఆ మాట బుద్రి కూడా మొదటిసారి అక్కకు చూపించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పింది. ఎలుగు గీరాక సంతలో తన ఎదుట కూర్చున్నవాళ్లు మాట్లాడుతూ చూపు పక్కకు తిప్పుకుంటున్నారట. "మచ్చకి కాదమ్మా. ఒక కన్ను కోపంగా, ఒకటి బెదిరినట్టు ఉంటాది. ఏ కన్నుతో మాటాడాలో ఆళ్లకి తెల్దు" అన్నది అక్కతో. అక్క ఆ రోజే ఆపరేషన్‌కు ఒప్పుకుంది.

ఆమె ఊరి గురించి సంతలో ఇద్దరు ముగ్గురిని అడిగాను. పిప్పళ్లు అమ్మే ఒకావిడ పేరు వినగానే నవ్వింది. "ఆ కనుబొమ్మ బుద్రేనా? రేపు జీపెక్కి ఎల్లు బాబూ. సూత్తావు గదా." ఏం చూస్తానో చెప్పలేదు. అందరూ చూసి నవ్వేది ఏమై ఉంటుంది? మచ్చ పుండయిందా? రాత్రి భోజనానికి కూర్చున్న హోటల్లో కోడికూర బాగుందో లేదో నాకు గుర్తులేదు.

జీపులో

జీపు మనిషికి పదిహేను రూపాయలు. లోపల ఎంతమంది పడతారన్నది డ్రైవర్ నమ్మకం మీద ఆధారపడి ఉంటుంది. నా ఒళ్లో ఎవరిదో కోడిని పెట్టారు. అది నా సంచీలో తల దూర్చి ప్రయాణమంతా బుద్ధిగా ఉంది. దిగేముందు మాత్రం నా పంచె పాడుచేసింది. కోడి తాలూకు మనిషి నా వైపు చూసి, "మంచిదే బాబూ, పనవుతాది" అన్నాడు. ఓదార్చడానికి అన్నాడో, అక్కడ నిజంగా అలా నమ్ముతారో తెలియదు.

అవి ఇటుకల పండగ రోజులు, అంటే కొండ ఊళ్లలో చైత్రంలో చేసే వేట పండగ. మగవాళ్లు వేటకు అడవిలోకి వెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని నిలబడి, వచ్చే బండినల్లా ఆపి పండగ డబ్బులు అడుగుతారు. మొదటి చోట పది రూపాయలు ఇచ్చాను. మలుపు తిరగగానే ఇంకో బొంగు. ఇచ్చాను కదా అంటే, "ఆళ్లది ఏరే ఊరు, మాది ఏరే ఊరు" అన్నారు. న్యాయమే. మూడోచోట చిల్లర అయిపోయింది. ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని కిందికి దింపి, వాళ్ల వరసలో నిలబెట్టి నాలుగడుగులు ఆడించి వదిలేసింది. నాకు ఆట రాదు. జీపులో వాళ్లకు ఆ సంగతి బాగా తెలిసిపోయింది.

బుద్రి ఇంట్లో

ఊళ్లో ఇళ్లు రెండు వరసలుగా ఉన్నాయి. ఎర్రమట్టి అరుగుల అంచులకు నల్లరంగు. వేటకు వెళ్లిన మగవాళ్లు ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారట. అందుకని బుద్రి మొగుడు పొద్దుటి నుంచి ఊరి బయట చింతతోపులోనే కూర్చున్నాడని, ఏమీ దొరకలేదని, పిల్లలు నాకు వెంటనే చెప్పేశారు.

బుద్రి అత్త అరుగు మీద కూర్చుని సామలు చెరుగుతోంది. నేను ఎవరో చెప్పుకుంటూ ఉండగానే బుద్రి నీళ్లబిందెతో వచ్చింది. తలలోంచి ఒక పాయ జారి కణత మీద పడిందనుకున్నాను. నన్ను చూసి బిందె దించింది.

"పుస్తకాల బాబూ! డాక్టరమ్మ ఏది? ఎనకాల వత్తందా?"

నేను ఆ పాయనే చూస్తున్నాను. అది తల జుట్టు కాదు. కనుబొమ్మ చోటి నుంచే వస్తోంది. ఒత్తుగా, నల్లగా, నిగనిగలాడుతూ పక్కకు దువ్వి, చెవి పైన ఒక పిన్నుతో తల జుట్టులోకి గుచ్చి ఉంది. ఆమె పిన్ను తీసింది. వెంట్రుకలు కన్ను మీదుగా చెంప దాకా జారాయి.

నేను అరుగు మీద కూర్చున్నాను. మొలిచాయి. అన్నీ మొలిచాయి.

చెవి వెనక వెంట్రుకను ఎక్కడ నాటినా అది తల వెంట్రుకలాగే పెరుగుతుంది. కనుబొమ్మగా ఉండాలంటే పది పదిహేను రోజులకోసారి కత్తిరించుకుంటూ ఉండాలి. ఆ మాట రెండోసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు చెబుతారు. ఆ రెండోసారి జరగలేదు.

"రాలిపోయినప్పుడు పసరు పూశారా?" అని అడిగాను.

"నేను పూయనివ్వనేదు" అన్నది అత్త. "ఇది ఏడిసింది. ఊరోలు పూయమన్నారు. మీ డాక్టరమ్మ దీనికి ఏటి సెప్పింది? వరినాటు లాంటిదే అన్నాది గదా. నారు పీకి నాటినాక మడి పచ్చగుంటాదేటి? పసుపెక్కి సచ్చినట్టు ఉంటాది. అప్పుడెవులైనా మడిలో సెయ్యెడతారా?"

"మరి పెరిగాక కత్తిరించలేదేం?"

ఇద్దరూ నన్ను వింతగా చూశారు. వాళ్ల వైపు కొత్తల పండగ చెయ్యకుండా కొత్త పంట ముట్టరు. మామిడికాయకు ఒక కొత్త, చిక్కుడుకు ఒక కొత్త, ధాన్యానికి ఒక కొత్త. చెట్టు నిండా కాయలున్నా, పూజ చేసి ముందు దేవతకూ పెద్దలకూ పెట్టేదాకా పిల్లలు కూడా కొరకరు. మేమైతే కాయ మార్కెట్‌కు రాగానే కొనుక్కుంటాం. ఎవరైనా ఒకరోజు ఆగమంటే ఆగలేం. నాటింది పంట, మొలిచింది పంట. కాబట్టి కొత్త చెయ్యకుండా కత్తి పెట్టకూడదు. నాటినామె లేకుండా కొత్త చెయ్యకూడదు.

"మేష్టారుతో కబురెడదామంటే ఆయన ఎలిపోనాడు" అన్నది బుద్రి. "డాక్టరమ్మే వత్తాదని సూత్తన్నాను. కాఫీ తోటలో రెండుసార్లు పడ్డాను. మా ఆడబిడ్డ జడేసుకోమంటాది దీనికి. రిబ్బను కూడా తెచ్చింది." నవ్వి మళ్లీ అడిగింది. "ఎప్పుడొత్తాది?"

నేను చెప్పాను. జబ్బు పేరు చెప్పాను. ఎన్నాళ్లు మంచంలో ఉందో, చివర ఏమడిగిందో చెప్పాను. ఇంత వరసగా ఎవరికీ చెప్పలేదు.

బుద్రి ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత అత్త గొంతెత్తి ఏడ్చింది. పక్క ఇళ్లలోంచి ఆడవాళ్లు వచ్చారు. అక్కను చూడని వాళ్లు కూడా కూర్చుని ఏడ్చారు. వాళ్ల ఇంటి భాషలో ఏడుస్తుంటే కొన్ని మాటలే నాకు తెలిశాయి. చెయ్యి, సూది, అన్నం. మా ఇంట్లో అక్క బుద్రికి స్వయంగా అన్నం కలిపి పెట్టిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ ఊరుకోమనలేదు. కాసేపటికి వాళ్లే మానేశారు, అడ్డాకులో సామల అన్నం, కందిపప్పు, కాల్చిన ఎండుచేప పెట్టారు. అంతా తిన్నాను.

మామిడి కొత్త

ఆ మర్నాడే ఊళ్లో మామిడి కొత్త. కనుబొమ్మ కొత్త కూడా దాంతోనే చేసేద్దామని అత్త అంది. మంచిచెడ్డ రోజులు చెప్పే దిసారి తాత మాత్రం ఒప్పుకోలేదు. నాటిన మనిషి పోయింది. ఇంక ఆ పంట కొయ్యడం మంచిది కాదు, అలాగే ఉంచేయమన్నాడు.

"అలాగంటే? నేను సచ్చినదాకానా?" అన్నది బుద్రి.

"మరేటి సేత్తాం గుంటా."

నాకు భయం వేసింది. అలా వదిలితే ఆమె ఆ కన్నుతో మళ్లీ చూడదు. ఇంకా పెరుగుతుంది. అక్క చేసిన పని ఆమెకు ఎలుగు చేసినదానికంటే పెద్ద ఇబ్బంది అవుతుంది. కత్తిరించాలి, వైద్యం ప్రకారం కత్తిరించి తీరాలి అన్నాను. దిసారి మర్యాదగా విన్నాడు, తల ఊపాడు, మాట మార్చుకోలేదు.

బుద్రి పిన్ను తీసి వెంట్రుకలు పూర్తిగా మొహం మీదికి వదిలి ఆయన ముందు నిలబడింది. "తాతా, మీ పెరట్లో పనసచెట్టు ఎవులు నాటినారు?"

"మా అయ్య."

"ఉన్నాడేటి?"

"ఏడున్నాడే, ఎప్పుడో పోనాడు."

"మొన్న నాకు కాయ ఇచ్చినావు గదా. ఎలా కోసినావు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దిసారి చుట్ట తీసి కొంతసేపు చూశాడు. "నేను ఆడి కొడుకుని గదా. నేను కోసినా ఒకటే, ఆడు కోసినా ఒకటే."

అప్పుడు అత్త చేట పక్కన పెట్టింది. "అయితే ఈ బాబు లేడేటి? కనుబొమ్మని నాటినామె దానికి తల్లి. ఈయన ఆమె తమ్ముడు. మేనమామ అవతాడు. పుట్టువెంట్రుకలకి మేనమామే గదా మొదట కత్తెరెడతాడు? మీ వైపు అలాగే గదా బాబూ?"

అలాగే అన్నాను. మైల తీరిందా అని దిసారి అడిగాడు. తీరిందన్నాను. ఆయన చుట్ట వెలిగించుకున్నాడు.

తెల్లవారి గుడి దగ్గర, అంటే ఒక చెట్టు కింద మూడు రాళ్ల దగ్గర, మామిడికాయలు కోసి పెద్దల పేర్లు చెప్పి పెట్టారు. అక్క పేరు కూడా చెప్పమన్నారు. చెప్పాను. బుద్రి పీట మీద కూర్చుంది. ఎవరో బట్టలు కుట్టే కత్తెర తెచ్చారు, అది పెద్దది. నేను ఎన్నడూ ఎవరి జుట్టూ కత్తిరించలేదు. మొదటి పాయ పట్టుకుని కోసి అడ్డాకులో పెట్టాను. జనం అరిచారు. మిగతాది దువ్వెన అడ్డం పెట్టి మెల్లగా కోశాను. చివర కొంచెం ఎక్కువ పోయింది.

"అయ్యో" అన్నాను.

"పరవానేదు బాబూ. మళ్లీ వత్తాది గదా" అన్నది బుద్రి, కళ్లు మూసుకునే.

దగ్గరగా చూస్తే అక్క పని కనిపించింది. ముక్కు వైపు వెంట్రుకలు పైకి, మధ్యలో వాలుగా, చివర చెవి వైపు పడుకుని ఉన్నాయి. కుడి కనుబొమ్మకు అద్దంలో ఎదురుపడ్డట్టు ఉంది. మచ్చ అలాగే ఉంది, కానీ రెండు కళ్లలోనూ ఇప్పుడు ఒకే మనిషి ఉంది. ఇకమీదట తనే ఎలా కత్తిరించుకోవాలో చూపించాను. ప్రతిసారీ కొత్త చెయ్యాలా అని దిసారిని అడిగింది. మొదటిదానికే అన్నాడు, కొంచెం గౌరవం తగ్గినట్టు.

కొత్త మామిడికాయ ఉప్పు అద్ది పెట్టారు. పళ్లు పులిసిపోయాయి. బుద్రి మొగుడు చింతతోపులోంచి పొదల చాటుగా వచ్చి తన వాటా అందుకుంటూ దొరికిపోయాడు. పేడనీళ్లు తప్పలేదు.

తిరుగు జీపులో

బుద్రి పసుపు మూటతో నాతోపాటే జీపెక్కింది, కింది ఊరి సంతకు. ఎదుటి సీట్లో వేరే ఊరి ముసలావిడ బుద్రి మొహంలోకి చూసింది. చూపు తిప్పుకోలేదు.

"ఆ మచ్చేటే? ఎలుగా?"

"ఆ. కనుబొమ్మ కూడా పీకేసింది."

"ఉన్నాది గదే."

"మా అమ్మ నాటింది." గడ్డంతో నన్ను చూపించింది. "మా అమ్మ తమ్ముడు. మేనమామ."

ముసలావిడ నా కళ్లద్దాలు, మరకల పంచె, పుస్తకాల సంచీ చూసింది. మళ్లీ బుద్రిని చూసింది. ఇద్దరి మొహాలూ కాసేపు పోల్చి చూసుకుని, తృప్తిగా వెనక్కి వాలింది.

"పోలిక ఉన్నాదిలే" అంది.